గెలవని వాళ్ల ఏజెంటు

వచ్చేవాళ్లు, అడిగేది

నేను కోర్టుకు వెళ్లడం మానేశాక మా ఇంటికి కక్షిదారులు రావడం తగ్గింది, కాబోయే ఎమ్మెల్యేలు రావడం పెరిగింది. వస్తారు, కూర్చుంటారు, చాయ్ తాగుతారు, గోడ మీది క్యాలెండరు చూస్తారు, చివరికి నోరు విప్పుతారు.

"వకీల్ సాబ్, ఈసారి నిలవడాలనుకుంటున్న. పెద్ద పార్టీలోళ్లు టికెట్ ఇస్తలేరు. గీ కొత్త పార్టీ ఇస్తనంటున్నది. ఏమన్న అయితదా, జర చెప్పుండ్రి."

ఏమీ కాదని చెప్తే మొహం ముడుచుకుని వెళ్లిపోతారు. అవుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక కూడా ఈ వయసులో లేదు. అందుకే రాసి పెడితే ఒక పని అయిపోతుందని కూర్చున్నాను.

వృత్తికి నేను వనపర్తి కోర్టులో వకీలును. మా నాన్నకు బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం ఉండేది. మా ఖాన్దాన్‌లో కోటు తొడుక్కున్న మొదటివాణ్ణి నేనే. కానీ నేను రాయబోయేది కోర్టు సంగతి కాదు. రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన ఎన్నికల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీట్లలో చిన్న పార్టీల వాళ్లకు నేను ఎలక్షన్ ఏజెంటుగా పనిచేశాను. అప్పుడు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ఎలక్షన్ ఏజెంటు అంటే పెళ్లికి పెద్దమనిషి లాంటివాడు. నామినేషన్ దగ్గర నుంచి లెక్కింపు దాకా అన్నిటికీ నిలబడాలి, మాటలన్నీ పడాలి, ఫొటోలో మాత్రం ఉండకూడదు.

నేను ఏజెంటుగా ఉన్న ఒక్కరూ గెలవలేదు. ఇది ముందే చెప్పడం మంచిది.

వాళ్లలో ఒకామె గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను. పెద్దమందడి పక్క ఊరు, పేరు చెన్నమ్మ. ఆమెకు అసెంబ్లీ మీద మోజు లేదు. పనికి తీసుకుపోయిన మనిషి జబ్బు పడితే, లేదా చచ్చిపోతే, తీసుకుపోయిన మేస్త్రీయే ఇంటికి చేర్చాలి. ఈ ఒక్క మాట మేస్త్రీల చేత ఒప్పించడానికే ఆమె ఎన్నికల్లో నిలబడింది. ఒప్పించగలిగిందా లేదా అన్నదే ఈ కథ. దానికి ముందు నేను ఈ పని ఎక్కడ నేర్చుకున్నానో రెండు మాటలు.

కత్తెర

నా మొదటి అభ్యర్థి గద్వాల నాగప్ప. చీరలు నేసే కుటుంబం. మనిషి మర్యాదస్తుడు, మాట మెత్తన. నేతగాళ్ల వీధుల్లో ఆయనంటే గౌరవం. పెద్ద పార్టీలకు వాటి గుర్తులు పుట్టుకతో వస్తాయి. మనలాంటి వాళ్లకు మిగిలిపోయిన గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు. నాగప్పకు కత్తెర వచ్చింది.

మా వాళ్లకు సంబరమైంది. నేసేవాడికి కత్తెర కన్నా మంచి గుర్తు ఏముంటుంది అన్నారు. అట్టతో మనిషెత్తు కత్తెర చేయించి, ఇద్దరు పట్టుకుని టకటకమని తెరుస్తూ మూస్తూ నేతగాళ్ల వీధిలోనే ఊరేగింపు మొదలుపెట్టారు. నేను వెనకాల కరపత్రాలు పంచుతున్నాను. మేము ముందుకు పోతున్నకొద్దీ తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. మొదట ఎండకు అనుకున్నాను.

వీధి మధ్యలో ఒక ముసలమ్మ అరుగు దిగి వచ్చి నాగప్పను నిలబెట్టింది. "ఏందప్పా నాగప్పా, నువ్వు మగ్గం మీద పుట్టినోనివేనా? లోపల పోగు సాగుతుంటే గడప ముంగట ఖాళీ కత్తెర ఆడిపిస్తవా? ఇంట్ల కొట్లాటలు గావాల్నా మాకు?"

నాగప్ప మొహం పాలిపోయింది. ఆ పట్టింపు ఆయనకు తెలియనిది కాదు. ఎన్నికల సంబరంలో మరిచిపోయాడు, అంతే. మర్నాటి నుంచి పోస్టర్లలో కత్తెరను మూసి వేయించాం. అది చూసినవాళ్లు కొందరు పటకారు అన్నారు, కొందరు అడకత్తెర అన్నారు. తీరా పోలింగు రోజు మిషన్ మీద కత్తెర తెరిచే ఉంది. మూసిన గుర్తు కోసం వెతికి వెతికి ఎవరికో నొక్కి వచ్చామని నాగప్ప మేనత్తే చెప్పింది.

అభ్యర్థి కన్నా ముందు గుర్తు ఇంట్లోకి పోతుంది. దాన్ని ఊరేగించే ముందు ఆ వీధి ఆడవాళ్లకు చూపించి, వాళ్లేమంటారో విని రండి. దీనికి చదువు అక్కర్లేదు, పది అడుగులు ముందు నడిస్తే చాలు.

సెక్రటరీ సారు

మా పార్టీ జిల్లా సెక్రటరీ మహబూబ్‌నగర్‌లో ఉండేవాడు. నిజాయితీపరుడు, చేతికి మట్టి అంటనివాడు, ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగనివాడు. ఇన్ని గుణాలున్న మనిషితో పనిచేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుస్తుంది.

ఆయన రాసిన కరపత్రం ఎప్పుడూ ప్రపంచ పరిస్థితితో మొదలయ్యేది. రెండో పేజీకి ఢిల్లీ వచ్చేది, మూడో పేజీ చివర్లో హైదరాబాదు. పెద్దమందడికి చోటు మిగిలేది కాదు. పోనీ మాటైనా తక్కువా అంటే, మైకు చేతికిస్తే దింపడం ఎవరి తరమూ కాదు. ఒకసారి శ్రీరంగాపూర్‌లో ఆయన మాట్లాడుతుండగానే సంత ముగిసి, అంగళ్లు సర్దుకుని అందరూ వెళ్లిపోయారు. ఉన్నది మేమూ, మా ఆటో డ్రైవరూ. "చూశారా, చివరిదాకా ఎంత శ్రద్ధగా విన్నారో" అన్నాడు.

నవ్వుతున్నానని అనుకోకండి. పెద్ద పార్టీల నాయకుల దగ్గర నేను అంత శుభ్రమైన మనిషిని చూడలేదు. కాకపోతే ఆయనకు ప్రజలంటే ప్రేమ, మనుషులంటే చిరాకు. చిన్న పార్టీల్లో ఇలాంటి పెద్దలు మీకూ తగులుతారు. గౌరవించండి. కానీ ఊరి సంగతి ఆయన చెప్పినప్పుడు మాత్రం ఇంకొకరిని కూడా అడగండి.

చెన్నమ్మ

పాలమూరు వలస గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వానాకాలం పంట ఇంటికి రాగానే గుంపు మేస్త్రీలు ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తారు. తీసుకున్నవాళ్లు పిల్లాజెల్లాతో బొంబాయికో పుణెకో పోతారు. కాలువలు, మట్టి పనులు, మేడలు. మళ్లీ వానలకు వస్తారు.

చెన్నమ్మ భర్త బాలయ్య అలా సాయిలు మేస్త్రీ గుంపులో పోయాడు. ఆ ఏడు ఆమె కాన్పుకు ఉండి వెంట పోలేదు. పొయ్యేనాడు సాయిలు ఆమె చేతిలో చెయ్యేసి, "ఎట్ల తీస్కపోతున్ననో గట్లనే తెచ్చి నీకు ఒప్పజెప్త" అన్నాడు. అక్కడ బాలయ్యకు జ్వరం తగిలింది. దవాఖానలో పడేశారు. ఇంతలో గుంపు వేరే పనికి కదలాల్సి వచ్చింది, కదిలింది. చెన్నమ్మకు కబురు అంది, పసిగుడ్డును ఎత్తుకుని ఆమె ఆ ఊరు వెతుక్కుంటూ పోయేసరికి, దిక్కులేని శవమని కాల్చేశారు. ఎక్కడ కాల్చారో చూపించేవాళ్లు కూడా లేరు.

సాయిలు రాక్షసుడేమీ కాదు. ఒకప్పుడు అతనూ తట్ట మోసినవాడే. పైన కాంట్రాక్టరు కదలమంటే కదలాలి. కానీ చెన్నమ్మ ఊరుకోలేదు. కూలీల సంఘం అని ఒకటి పెట్టింది. ఊరూరూ తిరిగింది. ఆరేడేళ్ల తర్వాత ఒకరోజు మేస్త్రీలందరూ కూర్చున్న చోటికి పోయి తన మాట పెట్టింది. సాయిలు నవ్వాడు.

"నీ ఎనక ఎంతమంది ఉన్నరో సూపెట్టు చెన్నమ్మా, గప్పుడు మాట్లాడ్త."

సరిగ్గా అప్పుడే మా పార్టీ వనపర్తి సీటుకు మనిషి కోసం వెతుకుతోంది. నేను ఆమె దగ్గరికి పోతే, ఒక్కటే అడిగింది.

"ఓట్లు అందరి ముంగట లెక్కపెడ్తరు గద సారూ? ఏ ఊర్ల ఎన్ని పడ్డయో సాయిలుకు గూడ తెలుస్తది గద?"

"తెలుస్తుంది" అన్నాను.

"అయితే నిలవడ్త."

మాకు నిచ్చెన గుర్తు వచ్చింది. ఈసారి నేనే ముందుగా ఊళ్లోని ఆడవాళ్లకు చూపించాను. మేడలు కట్టే పనికి పోయేవాళ్లకు నిచ్చెన కొత్తదేం కాదు, ఎవరూ తప్పు పట్టలేదు. ఆటోకు మైకు కట్టి, పనుల నుంచి ఇళ్లకు తిరిగొచ్చే పొద్దుకు ఊళ్లలోకి పోయేవాళ్లం. సెక్రటరీ సారు ప్రపంచ పరిస్థితి గురించి మాట్లాడమని ఆమెకు కాగితం రాసిచ్చాడు. ఆమె దాన్ని భద్రంగా మడిచి కొంగున కట్టుకుని, బాలయ్య సంగతి చెప్పేది. అయిదారు మాటలే. "నా మొగడు చచ్చిపోయిండని ఏడుస్తలేను. ఎవ్వలైన సస్తరు. కడసారి మొకం సూడనియ్యలే. గది అడుగుతున్న." అంతే, దిగిపోయేది. జనం కాసేపు కదిలేవారు కాదు. నేను కోర్టులో గంటల తరబడి వాదించి కూడా అలాంటి నిశ్శబ్దం సంపాదించలేదు. నాకు కొంచెం అసూయగా ఉండేది, దాచడం దేనికి.

నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజు గురించి ఒక మాట. మూడో పార్టీ అభ్యర్థి మీదికి పెద్ద పార్టీవాడు రౌడీలను పంపుతాడని సినిమాలు చూసినవాళ్లు అనుకుంటారు. అదేమీ ఉండదు. చుట్టాలను పంపుతాడు. చెన్నమ్మ సొంత తమ్ముడే వచ్చాడు. "అక్కా, వాపస్ తీస్కో. నాకు పెద్ద పరేషాన్ అయితుంది ఊర్ల. వాళ్ల తోని మనకు మస్తు పనులుంటయి" అన్నాడు. ఆమె రొట్టె, పల్లీల పచ్చడి పెట్టింది. తిన్నంతసేపూ పక్కన కూర్చుంది. చెయ్యి కడుక్కున్నాక, "బావను దేవులాడనీకి నాతోని వస్తనన్నవు, రాలేదు. ఇప్పుడు గూడ రాకు, ఏం గాదు" అంది. తమ్ముడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు దాటితే సగం ఎన్నిక దాటినట్టే.

బస్సులు

అసలు చిక్కు వేరే ఉంది. మా ఓటర్లు ఊళ్లో లేరు. చెన్నమ్మ కోసం ప్రాణమిచ్చే వాళ్లంతా బొంబాయిలో, పుణెలో ఉన్నారు. పెద్ద పార్టీలు రెండూ అక్కడికి బస్సులు పంపుతాయి, ఎక్కించుకుని వస్తాయి, దారిలో తిండి పెడతాయి, ఓటు వేయించి మళ్లీ దింపి వస్తాయి. మాకు ఉన్నది ఒక్క ఆటో.

సెక్రటరీ సారుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "బస్సు వాళ్లది, ఓటు మనది. ఏ బస్సు దొరికితే ఆ బస్సు ఎక్కి రమ్మనండి. మిషన్ దగ్గరికి పోయాక చూసేదెవరు?" అన్నాడు. నాకూ నచ్చింది. అక్కడ కొందరి దగ్గర సెల్ ఫోన్లు ఉన్నాయి. కబురు పంపాం, వస్తామన్నారు. సెక్రటరీ సారు ఆ సాయంత్రమే గెలిస్తే అసెంబ్లీలో మొదట ఏం మాట్లాడాలో రాయడం మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చెన్నమ్మ మాత్రం లేచి లోపలికి పోయింది. మాకు ఆమె మొహం చూసే తీరిక ఎక్కడిది?

పోలింగుకు ముందు రోజు పొద్దు వాలుతుండగా బస్సులు వచ్చాయి. ఊళ్లోకి రాలేదు. పొలిమేరలో మైసమ్మ గుడి దగ్గర ఆగాయి. ఏ పార్టీవాళ్లు తమ బస్సుల్లో వచ్చినవాళ్లను దింపి, వరసలో నిలబెట్టి, పసుపు నీళ్లలో చెయ్యి ముంచి ఒక్కొక్కరి చేత ప్రమాణం చేయించారు. "మీ బస్సుల వచ్చినం, మీ బువ్వ తిన్నం, మీకే ఓటేస్తం." గుంపులో ఉన్న సాయిబుల ఇళ్లవాళ్లను పీర్ల చావిడి దగ్గరికి తీసుకుపోయి అదే మాట అనిపించారు. ప్రతి ఊళ్లోనూ ఇదే. ఇది వాళ్లకు ఎప్పుడూ ఉన్న పద్ధతేనట. బస్సుల్లో వచ్చి ఓటేసే వాళ్లందరికీ తెలుసు. పక్క వీధికి నడిచిపోయి ఓటేసే సెక్రటరీ సారుకూ నాకూ తెలియదు.

దీపాలు పెట్టేవేళకు చెన్నమ్మ వాకిలి నిండిపోయింది. ముందు నిలబడింది బుచ్చమ్మ. బాలయ్యతో పాటు అదే గుంపులో పనిచేసిన పెద్దామె.

"పమాణం జేసినం చెన్నమ్మా. బువ్వ గూడ తింటిమి. ఇప్పుడేం జెయ్యాలె?"

సెక్రటరీ సారు అందుకున్నాడు. "అమ్మా, ఇదంతా మూఢనమ్మకం. బలవంతపు ప్రమాణం ప్రమాణమే కాదు." నేనూ నా వంతు చెప్పాను. అలా ప్రమాణం చేయించడం నేరం, కావాలంటే ఫిర్యాదు రాస్తాను, మిషన్‌లో ఎవరికి నొక్కారో ఏ మనిషికీ తెలియదు అన్నాను.

"మిషిన్ల ఎవ్వరు సూడరని మాకు గూడ తెలుసు సారూ. మా పంచాయితి గది కాదు" అంది బుచ్చమ్మ. మళ్లీ చెన్నమ్మ వైపు తిరిగింది. "నువ్వు తప్పుమంటే తప్పుతం. కాకుంటే పాపం నా మీద ఏస్కుంటనని నువ్వు చెప్పాలె. నీ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పాలె. గప్పుడు మాకు దోషం లేదు."

అది అక్కడి కట్టుబాటు. ఎవరి కోసం మాట తప్పుతున్నారో వాళ్లు ఆ పాపాన్ని నెత్తికెత్తుకుంటే, తప్పినవాళ్లకు అంటదు. సెక్రటరీ సారు ఊరటగా ఊపిరి పీల్చుకుని, "చెప్పమ్మా, చెప్పు, అంతేగా" అన్నాడు. జీవితమంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి ఒక తల్లిని బిడ్డ తల మీద చెయ్యి పెట్టమని బతిమాలడం నేను ఆ సాయంత్రమే చూశాను.

చెన్నమ్మ బిడ్డను పిలవలేదు. బిడ్డ కోసం భయపడుతోందని నేను అనుకున్నాను. కాదు.

"అవ్వా, సాయిలు మేస్త్రి నా చేతుల చెయ్యేసి మాటిచ్చిండు. తప్పిండు. గందుకే గద గీ పంచాయితంత. ఇయ్యాల నేనే మిమ్మల్ని మాట తప్పుమంటే, రేపు సాయిలును ఏ మొకం పెట్టుకోని అడగాలె? పోయి వాళ్లకే ఎయ్యిండ్రి."

సెక్రటరీ సారు అరిచాడు. ఉద్యమం అన్నాడు, ద్రోహం అన్నాడు. ఆడవాళ్లు కొందరు ఏడ్చారు. నాకు కోపం వచ్చింది, నిజమే. ఇన్నాళ్లు ఎండలో తిరిగింది ఇందుకా అనిపించింది. అదే సమయంలో ఆమె చెప్పినదానికి ఎదురు చెప్పడానికి ఒక్క వాదన కూడా దొరకలేదు. వకీలుకు అంతకన్నా చిరాకు ఇంకోటి లేదు.

మర్నాడు బూత్‌ల చుట్టూ తిరిగాను. వరసలో నిలబడ్డవాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. బుచ్చమ్మ ఓటేసి బయటికి వచ్చి గోడకు ఒరిగి కూర్చుంది. "ఏలు నిచ్చెన మీదికే పోతుండె సారూ. గుంజి పక్కకు ఏసిన" అంది.

లెక్క తేలాక

ఎన్ని వచ్చాయో రాయను. వలస పోని ముసలివాళ్లు వేసినవి వచ్చాయి. డిపాజిట్ గల్లంతు. సెక్రటరీ సారు పార్టీకి పంపిన నివేదికలో జనం చైతన్యం లేకపోవడం గురించి వివరంగా రాశాడు. చెన్నమ్మకు మళ్లీ టికెట్ ఇవ్వకూడదని కూడా రాశాడు. ఆయన దృష్టిలో అది న్యాయమే. గెలిచే వీలున్న ఓట్లను చేజేతులా అవతలివాడికి అప్పజెప్పిన అభ్యర్థిని ఏ పార్టీ భరిస్తుంది?

పెద్దమందడి హోటలు ముందు సాయిలు మేస్త్రీ ఆమెకు ఎదురయ్యాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమాయె చెన్నమ్మా? ఏరి నీ మనుషులు?"

"ఉన్నరు."

"మిషిన్ల లేరే మరి."

"మిషిన్ల లేరు" అని ఒప్పుకుంది. అతను నవ్వి, మా చాయ్‌కి కూడా తనే ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ నవ్వులో ద్వేషం లేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. ఆమె పెట్టిన మాట ఇక ఎవరూ ఎత్తరని, ఆ కథ అక్కడితో అయిపోయిందని నేను నమ్మాను. ఫైలు కట్టి అటక మీద పెట్టాను.

వానాకాలం పంట ఇంటికి వచ్చింది. ఒక పొద్దున చెన్నమ్మ కబురు పంపింది. "సాయిలు అడ్వాన్సు ఇయ్యనీకి వస్తుండు. జర మీరు గూడ వస్తే మంచిగుంటది." పోయాను. ఊరి చావిడి ముందు సాయిలు కూర్చుని పేర్లు పిలుస్తున్నాడు. ఎవరూ లేవడం లేదు. బుచ్చమ్మ ఇత్తడి గిన్నెలో పసుపు నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"చెయ్యి ముంచు మేస్త్రీ. జబ్బు పడ్డోన్ని, సచ్చినోన్ని ఇంటికి తెస్తనని మైసమ్మ మీద పమాణం జెయ్. గప్పుడే లేస్తం."

సాయిలు ముందు నవ్వాడు. తర్వాత నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు, "వకీల్ సాబ్ ఉన్నడు గద! కాయితం రాయించుండ్రి, సంతకం పెడ్త, ఏలిముద్ర గూడ ఏస్త" అన్నాడు. నేను ఎగిరి గంతేసి పెన్ను తీశాను. బుచ్చమ్మ నా వైపు చూడనైనా చూడలేదు.

"కాయితం వద్దు. నీళ్లల్ల చెయ్యి పెట్టు."

"గిట్ల చేస్తే నేను పక్కూరి నుంచి తీస్కపోత మనుషులను" అని సాయిలు లేచాడు.

"పో. ఆ ఊర్ల గూడ గిన్నె పెట్టుకోనే కూసున్నరు" అంది ఆమె. "మాట కోసం మేము మా చెన్నమ్మనే ఓడగొట్టుకున్నం మేస్త్రీ. ఎవ్వలం తప్పలే. నీకు తెల్వదా? ఇగ నువ్వు గూడ ఒక మాట ఇయ్యి, నిలుపుకో. మాకు చాతనైంది నీకు చాతకాదా?"

చెన్నమ్మ వెనక ఎక్కడో గోడ దగ్గర నిలబడి ఉంది. సాయిలు చాలాసేపు గిన్నె వంక చూశాడు. సంతకానికి అంత తొందరపడిన మనిషికి చెయ్యి ముంచడానికి అంతసేపు పట్టిందంటే, ముంచాక తప్పించుకోలేనని అతనికి తెలుసు. చివరికి చొక్కా చేతులు మడిచి, ముంచాడు. తర్వాత మిగతా మేస్త్రీలు కూడా ఒక్కొక్కరే ముంచాల్సి వచ్చింది.

కొత్తవాళ్లకు

నిలబడదామని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మూడో పార్టీ టికెట్ మీద నిలబడితే ఓడిపోతారు. అది తెలిసి కూడా నిలబడాలంటే, ఓడిపోయాక కూడా మీ దగ్గర మిగిలే పని ఒకటి ఉండాలి. అది ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే పోయి పంట చూసుకోండి, నాకు కోపం లేదు. బ్యానరు మీద మీ ఫొటో ఎంత పెద్దదైతే ఆ వాక్యం అంత చిన్నదవుతుంది. ఓట్లు చీల్చి అవతలివాణ్ణి ఓడించడానికి నిలబడేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు ఏజెంటుగా ఉండమని నన్ను అడిగారు, ఉండలేదు. గొప్పతనం కాదు, విసుగు.

చెన్నమ్మ ఓటమిని నేను గెలుపని అనను. ఓటమే. ఆ మాట అసెంబ్లీ దాకా పోలేదు, చట్టం కాలేదు, పది పదిహేను ఊళ్ల పొలిమేర దాటలేదు.

మరుసటి ఎండాకాలం ఒక భూమి తగాదా పనిమీద ఆ ఊరికి పోయాను. మిట్టమధ్యాహ్నం ఒక జీపు వచ్చి ఆగింది. పుణె నుంచి. వెనక సీటు తీసేసి, గుడ్డ చుట్టిన మనిషిని పడుకోబెట్టారు. బుచ్చమ్మ అల్లుడు. పక్కన కూర్చుని వచ్చింది సాయిలే. కళ్లు గుంటలు పడి ఉన్నాయి, దారిలో ఏమీ తిన్నట్టు లేడు. దింపారు. బుచ్చమ్మ, ఆమె కూతురు మీద పడి ఏడ్చారు. ఊరంతా వచ్చి కడసారి చూసుకుంది. సాయిలు మాత్రం దూరంగా, నీడ కూడా లేని చోట నిలబడ్డాడు. అతని దగ్గరికి ఎవరూ పోలేదు.

చెన్నమ్మ ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పట్టుకుంది. అతను అందుకున్నాడు, తాగలేదు.

"నీ ఇంటాయన్ను గూడ తేవాల్సి ఉండె, చెన్నమ్మా" అన్నాడు.

ఆమె చెంబును అతని నోటి దగ్గరికి జరిపింది. "తాగు" అంది.